స్తారొచెర్కాస్క్ మ్యూజియం: రాజిన్ గొలుసు దగ్గర ఏం చూడాలి, ఏం అడగాలి

దక్షిణ రష్యాలో దోన్ నది ఒడ్డున, రొస్తోవ్ నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో స్తారొచెర్కాస్క్ అనే పల్లె ఉంది. 1805 దాకా దోన్ కొసాక్కుల (సొంత పాలనతో బతికిన సరిహద్దు యోధుల) రాజధాని ఇదే, అప్పట్లో దీని పేరు చెర్కాస్క్. ఊరంతా కలిపి ఒక చారిత్రక మ్యూజియం. పర్యాటకుల్లో ఎక్కువమంది ఒకే వస్తువు కోసం వస్తారు: 1670–71 తిరుగుబాటు నాయకుడు స్తెపాన్ రాజిన్‌ను కట్టేశారని చెప్పే ఇనుప గొలుసు. అది ఇక్కడి పెద్ద చర్చి వసారా గోడకు వేలాడుతుంది.

ముందే తేల్చి చెబుతాం. కట్టడాలకు, వస్తువులకు, ఊరి వాతావరణానికి పూర్తి మార్కులు వేయొచ్చు. రాజిన్ కథ చెప్పే తీరుకు సగానికి మించి ఇవ్వలేం. ఇది రాజిన్‌కు జేజేలు కొట్టిన ఊరు కాదు, పట్టి మాస్కోకు అప్పగించిన ఊరు. ఆ సంగతి తెలిసి వెళ్లినవాళ్లకు ప్రతి గోడా ఏదో ఒకటి చెబుతుంది. తెలియకుండా వెళ్తే గొలుసు పక్కన ఫోటో దిగి, చేపల పులుసు తాగి తిరిగొస్తారు. గైడ్లు పెద్దగా చెప్పని భాగాన్నే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాం.

వెళ్లే ముందు తెలియాల్సిన కథ

రాజిన్ దాదాపు 1630లో పుట్టాడు. పుట్టిన ఊరు జిమొవేయ్‌స్కయా అని ఎక్కువమంది అంటారు, చెర్కాస్కే అనేవాళ్లూ ఉన్నారు. నూరేళ్ల తర్వాత పుట్టిన ఇంకో తిరుగుబాటుదారు పుగచోవ్ ఊరు కూడా జిమొవేయ్‌స్కయాయే. ఒకే పల్లె ఇద్దరిని కన్నదని జనం చెప్పుకోవడానికి బాగుంటుంది. పుగచోవ్ విషయంలో మాత్రమే అది గట్టి ఆధారమున్న మాట.

రాజిన్ కూటికి లేనివాడు కాదు. పలుకుబడి ఉన్న కుటుంబం. దోన్ సైన్యంలో పేరున్న అతమాన్ (కొసాక్కుల నాయకుడు) కొర్నీలా యాకొవ్లేవ్ అతనికి జ్ఞానస్నానపు తండ్రి. రాజిన్ కల్మిక్కు సంచార తెగలతో సంప్రదింపులకు రాయబారిగా వెళ్లాడు, తెల్లసముద్రంలోని సొలొవెత్‌స్కీ మఠానికి రెండుసార్లు యాత్ర చేశాడు. 1665లో అతని అన్న ఇవాన్, అనుమతి లేకుండా సైన్యం వదిలి వెళ్లాడని ప్రిన్స్ దొల్గొరూకొవ్ ఉరి తీయించాడు. రాజిన్ పగకు మొదలు ఇదేనని చాలా చోట్ల రాస్తారు. నిజమే కావచ్చు కానీ ఒక్క పగతో అంత పెద్ద తిరుగుబాటు లేవదు.

అసలు కారణం దోన్ సమాజంలోనే ఉంది. 1649 నాటి న్యాయస్మృతి రష్యా రైతులను భూమికి శాశ్వతంగా కట్టేసింది. పారిపోయినవాళ్లు దోన్‌కు చేరారు. 'దోన్ నుంచి అప్పగింత లేదు' అన్నది అక్కడి పాత కట్టుబాటు. అలా చేరిన కొత్తవాళ్లకు భూమి లేదు, పడవ లేదు, జారు (రష్యా రాజు) పంపే జీతంలో వాటా అంతకన్నా లేదు. వీళ్లను గొలిత్‌బా అనేవాళ్లు, అంటే ఒంటిమీద గుడ్డ కూడా సరిగ్గా లేనివాళ్లు. దిగువ దోన్‌లో, ముఖ్యంగా చెర్కాస్క్‌లో, స్థిరపడ్డ కలిగిన కొసాక్కులు ఉండేవాళ్లు. మాస్కో నుంచి ఏటా వచ్చే ధాన్యం, తుపాకీమందు, సీసం, బట్ట వీళ్ల చేతుల మీదుగా పంపకమయ్యేవి. ఈ సరఫరా ఆగితే వాళ్ల పెద్దరికం ఆగుతుంది. ఈ లెక్క గుర్తుంచుకుంటే గొలుసు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది తేలిగ్గా అర్థమవుతుంది.

1667 నుంచి 1669 దాకా రాజిన్ వోల్గా, కాస్పియన్ తీరాల్లో, పర్షియా రేవుల్లో దోపిడీలు చేశాడు. తిరిగొచ్చి దోన్ మీద ఒక లంకలో కగాల్నిక్ అనే సొంత కోట కట్టుకున్నాడు. 1670 వసంతంలో చెర్కాస్క్ సభ మీదికి వచ్చి, మాస్కో దూత యెవ్దొకీమొవ్‌ను కొట్టించి దోన్‌లో ముంచేయించాడు. అక్కణ్ణుంచి త్సరీత్సిన్, అస్త్రాఖాన్, సరాతొవ్, సమారా ఒక్కొక్కటే అతని చేతికి వచ్చాయి. ఆ ఏడు అక్టోబరులో సింబీర్‌స్క్ దగ్గర ప్రిన్స్ బర్యాతిన్‌స్కీ సేన ముందు ఓడి, గాయాలతో దోన్‌కు తిరిగొచ్చాడు. 1671 ఏప్రిల్ 14న కొర్నీలా యాకొవ్లేవ్ మనుషులు కగాల్నిక్ మీద పడి పట్టుకున్నారు. చెర్కాస్క్‌లో కొన్నాళ్లు బంధించి, తమ్ముడు ఫ్రోల్‌తో సహా మాస్కోకు పంపారు. జూన్ 6న అక్కడ కాళ్లూ చేతులూ నరికి చంపారు. ఈ తేదీలన్నీ పాత పంచాంగం ప్రకారం. కొత్త లెక్కకు పది రోజులు కలుపుకోవాలి.

ఆ ఏడు ఆగస్టులో దోన్ సైన్యం మొట్టమొదటిసారిగా జారుకు విధేయతా ప్రమాణం చేసింది. స్తారొచెర్కాస్క్‌లో పెద్ద బోర్డు పెట్టి చెప్పాల్సిన వాక్యం ఇదే. అప్పగింత లేదన్న నేల తన మనిషినే అప్పగించింది, వెంటనే తన స్వేచ్ఛనూ రాసిచ్చింది.

మొదట మైదానం

బస్సు దిగగానే అందరూ చర్చిలోకి దూరతారు. అలా చేయకండి. ముందు చర్చి బయటి మైదానంలో నిలబడండి. కొసాక్కు సభ, అంటే క్రూగ్, జరిగింది ఇక్కడే. అతమాన్‌ను ఎన్నుకోవడం, దించేయడం, యుద్ధమా సంధా తేల్చడం అంతా ఇక్కడే. యెవ్దొకీమొవ్ చావుకు తీర్పు పడ్డది చెర్కాస్క్ క్రూగ్‌లోనే. రాజిన్‌ను పట్టివ్వాలన్న నిర్ణయం వెనకా ఇదే ఊరి పెద్దలున్నారు. ఏడాది తేడాతో ఒకే సభ రెండు వైపులకు తిరిగిందన్నమాట.

మైదానంలో అజోవ్ నుంచి తెచ్చిన కోట తలుపు రెక్కలు, పెద్ద త్రాసు దండె ఉన్నాయి. 1637లో కొసాక్కులు తురుష్కుల అజోవ్ కోటను సొంతంగా పట్టుకుని, 1641లో పెద్ద ముట్టడిని తట్టుకుని, 1642లో జారు ఆజ్ఞ మీద ఖాళీ చేశారు. వెళ్తూ వెళ్తూ పట్టుకొచ్చినవి ఇవి. ఇనుము దగ్గరగా చూడండి, రేకు మీద రేకు వేసి బిగించిన పనితనం కనిపిస్తుంది. చాలామంది వీటిని అలంకారం అనుకుని దాటిపోతారు. రాజిన్ తరం చిన్నప్పుడు విన్న వీరగాథ ఈ అజోవ్ ముట్టడే. అంతటి కోటను గెలిచి కూడా మాస్కో మాట మీద వదిలేయాల్సి రావడం దోన్ మీద మాస్కోకున్న పట్టును చూపిస్తుంది.

గొలుసు

పునరుత్థాన చర్చి పడమటి వసారాలో గొలుసు ఉంది. దళసరి ఇనుప కడియాలు, చూడగానే బరువు తెలుస్తుంది. రాజిన్‌ను ఇక్కడ కట్టేశారని, మామూలు సంకెళ్లు మంత్రగాణ్ణి ఆపలేవని పవిత్రజలం చల్లిన గొలుసు వేశారని గైడ్లు చెబుతారు. జనానికి నచ్చేది ఈ మంత్రగాడి కథే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. ఇప్పుడు మీరు చూస్తున్న ఇటుక చర్చిని 1706లో మొదలుపెట్టి 1719లో ముగించారు. రాజిన్‌ను చంపింది 1671లో. అంటే గొలుసు వేలాడే ఈ గోడ పునాది పడేనాటికి అతను పోయి 35 ఏళ్లు. ఇదే స్థలంలో అంతకుముందు కొయ్య చర్చిలు ఉండేవి, మంటల్లో కాలిపోయాయి. కాబట్టి 'ఇక్కడే ఈ గోడకే కట్టేశారు' అన్న మాట నిలవదు. పాత కొయ్య చర్చి వసారాలో బంధించారని, ఆ గొలుసును తర్వాత కొత్త గోడకు వేలాడదీశారని చెప్పుకుంటే అది సంప్రదాయం అవుతుంది. సంప్రదాయంగా చెప్తే గొలుసు విలువేమీ తగ్గదు. గైడ్లు చరిత్రగా చెప్పడమే ఇబ్బంది.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. తిరుగుబాటుదారు గొలుసును చర్చి గుమ్మంలోనే ఎందుకు పెట్టారు? 1671లో చర్చి రాజిన్‌ను శపించింది, ప్రార్థనలో పేరు పెట్టి మరీ బహిష్కారం చదివారు. గుడికి వచ్చే ప్రతి కొసాక్కూ ఆ గొలుసు పక్క నుంచే లోపలికి నడవాలి. ఇది హెచ్చరికగా పెట్టిన వస్తువు. సోవియట్ కాలంలో ఇదే గొలుసు అమరవీరుడి గుర్తుగా మారింది. వస్తువు కదల్లేదు, అర్థం మాత్రం తిరగబడింది. ఈ ఒక్క మాట బోర్డు మీద ఉంటే మ్యూజియానికి ఇంకో రెండు మార్కులు ఇచ్చేవాళ్లం.

ఫోటో తీసేవాళ్లకు: వసారాలో వెలుతురు తక్కువ, వెనక తలుపు నుంచి ఎండ సూటిగా పడుతుంది. ఎదురుగా కాక గోడవారన నిలబడి పక్క నుంచి తీస్తే కడియాల మందం కనిపిస్తుంది.

చర్చి లోపల

ఇది ఇప్పటికీ ప్రార్థన జరిగే చర్చి, మ్యూజియం వస్తువు కూడా. రెండు పాత్రలూ ఒకేచోట ఉండటం వల్ల చిక్కులుంటాయి. ఆదివారం ఉదయం వెళ్తే ప్రార్థన ముగిసేదాకా మూలన నిలబడాల్సి వస్తుంది. స్త్రీలు తలమీద గుడ్డ వేసుకోవాలి, భుజాలు కప్పుకోవాలి. మగవాళ్లు టోపీ తీయాలి, నిక్కరుతో రాకూడదు. ఒక దుపట్టా సంచిలో ఉంటే చాలు.

తొమ్మిది గుమ్మటాల కట్టడం, చుట్టూ వసారాలు, ఉక్రెయిన్ బరోక్ పద్ధతి. లోపలి ప్రతిమల తెర చెక్కపనితో నేల నుంచి పైదాకా సాగుతుంది, ప్రతిమలు నూట యాభైకి దగ్గర. 1709లో జారు మొదటి పీటర్ ఇక్కడికి వచ్చినప్పుడు కట్టుబడిలో స్వయంగా ఇటుకలు పెట్టాడని చెబుతారు. గైడ్ ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆగి అడగండి: అదే రాకలో ఇంకేం జరిగింది? దానికి జవాబు కింద బులావిన్ ఇంటి దగ్గర చెప్తాం.

గంట గోపురం చర్చికి విడిగా, 45 మీటర్లకు పైగా ఎత్తున నిలబడి ఉంటుంది. కింది గదుల్లో ఒకప్పుడు సైన్యపు ఖజానా, ఆయుధాలు దాచేవాళ్లు. గోడల మందం చూస్తే ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది.

బులావిన్ ఇల్లు: ఎవరూ ఎక్కువసేపు ఆగని చోటు

ఊరి వీధిలో కోటలాంటి దళసరి గోడల పాత రాతి ఇల్లు ఒకటుంది. రాజిన్ తర్వాత దోన్ మీద లేచిన రెండో పెద్ద తిరుగుబాటు నాయకుడు కొంద్రాతి బులావిన్ చనిపోయింది ఇక్కడేనని సంప్రదాయం. మా ఉద్దేశంలో ఇది గొలుసు కంటే ముఖ్యమైన చోటు. బృందాలు మాత్రం రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోతాయి.

1707లో పీటర్ ప్రభుత్వం దోన్ మీద దాక్కున్న రైతులను వెతికి పట్టి తెమ్మని ప్రిన్స్ యూరీ దొల్గొరూకొవ్‌ను పంపింది. అప్పగింత లేదన్న పాత కట్టుబాటు మీద ఇది నేరుగా దెబ్బ. బులావిన్ మనుషులు ఆ ప్రిన్స్‌ను చంపారు. 1708 వసంతంలో బులావిన్ చెర్కాస్క్‌ను పట్టుకుని అతమాన్ అయ్యాడు. జులై 7న అజోవ్ మీద దాడి విఫలమైందన్న కబురు రాగానే, అతని పక్కనే ఉన్న పెద్దలు ఇలియా జెర్షికొవ్ నాయకత్వంలో ఇల్లు చుట్టుముట్టారు. బులావిన్ తుపాకీ గుండుకు చచ్చాడు. తానే కాల్చుకున్నాడని అధికారుల నివేదిక. దాన్ని నమ్మనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. శవాన్ని అజోవ్‌కు పంపి తల నరికించారు.

ఇక పైన వదిలేసిన జవాబు. 1709లో పీటర్ చెర్కాస్క్ వచ్చినప్పుడు, బులావిన్‌ను పట్టిచ్చిన ఆ జెర్షికొవ్ తలనే తీయించాడు. ముందు బులావిన్‌తో చేతులు కలిపి, ఓటమి ఖాయమని తేలాక తిప్పేశాడన్నది నేరం. పట్టిచ్చినా మాస్కో నమ్మలేదు. కొర్నీలా యాకొవ్లేవ్‌కు బహుమానం దక్కింది, జెర్షికొవ్‌కు గొడ్డలి. దాదాపు నలభై ఏళ్లలో మాస్కోకు దోన్ పెద్దల అవసరం ఎంత తగ్గిందో ఈ ఇద్దరి గతిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. చర్చిలో ఇటుకల కథ, వీధిలో తల కథ ఒకే రాకవి. మ్యూజియం రెంటినీ ఎక్కడా కలపదు.

అతమాన్ల భవనం, మిగిలిన ఊరు

యెఫ్రేమొవ్ కుటుంబం 18వ శతాబ్దంలో ఇక్కడ అతమాన్లుగా ఏలింది. వాళ్ల మేడ, పక్కనే సొంత చర్చి, ఇప్పుడక్కడ మఠం ఉన్నాయి. లోపల అతమాన్ల గదులు, బొమ్మలు, ఆయుధాలు, దుస్తులు. సంపద ఎటు చేరిందో కళ్లారా చూడాలంటే ఈ మేడ చూడాలి. గొలిత్‌బా కోపం దేని మీదో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అరగంట చాలు.

వీధుల్లో కురేన్ అనే కొసాక్కు ఇళ్లున్నాయి. కింద ఇటుక లేదా రాతి అంతస్తు, పైన చెక్క అంతస్తు, చుట్టూ బయటి వరండా. ఈ ఆకారానికి కారణం వరద. ఏటా వసంతంలో దోన్ పొంగితే ఊరు నీళ్లలో మునిగేది, పడవల్లో ఇంటింటికీ తిరిగేవాళ్లు. వరదలు, మంటలు భరించలేకే అతమాన్ ప్లాతొవ్ 1805లో రాజధానిని గట్టు మీది నొవొచెర్కాస్క్‌కు మార్చాడు. ఎగువన 1952లో త్సిమ్లియాన్‌స్క్ జలాశయం నిండాక ఆ వరద ఆగింది. రాజధాని పోవడం వల్లే పాత ఊరు కొత్త కట్టడాల కింద పూడిపోలేదు.

పేతురు–పౌలు చర్చి, ఊరి చివర శ్మశానం దగ్గరున్న రూపాంతర చర్చి తీరిక ఉంటే చూడొచ్చు. అన్నిన్‌స్కయా కోట మట్టిగట్లు ఊరికి బయట ఉన్నాయి. ఎండలో నడిచి వెళ్లేంత సరుకు అక్కడ లేదు.

ఎక్కడ జారిపోయారు

1970లో ఈ మ్యూజియం ఏర్పడింది, రచయిత షొలొహొవ్ చొరవతో. ఆనాటికి రాజిన్ అధికారిక వీరుడు. 1919 మే 1న లెనిన్ మాస్కో రెడ్ స్క్వేర్‌లో శిల్పి కొన్యెన్‌కొవ్ చెక్కిన కొయ్య రాజిన్ విగ్రహాన్ని స్వయంగా ఆవిష్కరించాడు. 1933లో క్రెమ్లిన్ పక్క వర్వార్కా వీధికి రాజిన్ పేరు పెట్టారు. రొస్తోవ్ ఒడ్డున 1972లో విగ్రహం లేచింది. సోవియట్ పాలన పోతూనే వర్వార్కాకు పాత పేరు తిరిగొచ్చింది. చర్చిలో ప్రార్థనలు, పక్కన మఠం తిరిగొచ్చాయి. కొసాక్కు సంఘాలు మళ్లీ ప్రభుత్వ సేవలో చేరాయి. సేవకుడైన కొసాక్కు కథ చెప్పేచోట, ప్రభుత్వాన్ని ఎదిరించిన కొసాక్కును ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని ఇబ్బంది ప్రదర్శనలో అడుగడుగునా కనిపిస్తుంది. గొలుసు తీయలేరు, జనం వచ్చేదే దానికోసం. వివరించాలంటే వెనకాడతారు. అందుకే మంత్రగాడి కథ దగ్గరే ఆగిపోతారు.

పర్షియా రాకుమారి ముచ్చటా అంతే. రాజిన్ తాగిన మైకంలో రాకుమారిని వోల్గాలో విసిరేశాడన్న కథ గైడ్ల నోట ఖాయంగా వస్తుంది. ప్రసిద్ధమైన పాటకు మూలం 1883లో అచ్చయిన కవిత. కథకు మూలం అస్త్రాఖాన్‌లో ఉన్న డచ్ నావికుడు స్త్రూయ్స్ రాత, 1676లో అచ్చయింది. అదే కాలపు ఇంకో విదేశీ సాక్షి ఫబ్రీత్సియస్ దాన్ని వోల్గా మీద కాదు, యాయిక్ నది మీద జరిగిందంటాడు. అతని లెక్కలో ఆమె తాతార్ యువతి, సందర్భం నదికి మొక్కు. ఇద్దరూ వేర్వేరుగా చెబుతున్నారంటే వెనక ఏదో జరిగి ఉండొచ్చు. రాకుమారి అన్నది మాత్రం నిలబడే మాట కాదు.

రాజిన్‌ను ఆకాశానికెత్తే సోవియట్ తీరులోనూ ఒక దాపరికం ఉండేది. అస్త్రాఖాన్ పడినప్పుడు జరిగిన ఊచకోతను తక్కువ చేసి చెప్పేవాళ్లు. వోయివోదా (జారు నియమించిన పాలకుడు) ప్రొజొరొవ్‌స్కీని కోటబురుజు మీది నుంచి తోసి చంపారు, అతని చిన్నపిల్లలను తలకిందులుగా వేలాడదీశారు. ఇంకోటి, రాజిన్ జారు వ్యవస్థను కూలదోస్తానని ఎప్పుడూ అనలేదు. బొయార్లు (పెద్ద జమీందారు ప్రభువులు) ద్రోహులు, జారు మంచివాడన్నదే అతని పిలుపు. అప్పటికే చనిపోయిన యువరాజు అలెక్సేయ్ తన వెంటే ఉన్నాడని చాటించి, అతని పేరిట ఎర్ర మఖమల్ కప్పిన పడవ ఒకటి తిప్పాడు. పదవి పోయిన మతాధిపతి నికొన్ పేరిట నల్ల మఖమల్ పడవ ఇంకోటి. విప్లవకారుడన్న బిరుదు తొడగాలంటే ఈ పడవలు అడ్డొస్తాయి, ఉత్త బందిపోటు అనాలంటే వెంట నడిచిన వేలమంది రైతులు, చువాష్, మొర్ద్వా, తాతార్ జనం అడ్డొస్తారు. మ్యూజియం రెండు పక్షాల సాక్ష్యాలూ ఒక గదిలో పెడితే చాలు, తీర్పు చూసేవాళ్లు చెప్పుకుంటారు.

భాష మరో లోపం. వివరాల బోర్డులు ఎక్కువగా రష్యన్‌లోనే ఉంటాయి. ఫోన్ కెమెరాతో అనువదించుకోవచ్చు, కానీ భద్రతా కారణాలతో రొస్తోవ్ ప్రాంతంలో మొబైల్ ఇంటర్నెట్ తరచుగా ఆపేస్తున్నారు. రష్యన్ భాషా ప్యాకేజీ, పటం రెండూ ముందే ఫోన్‌లోకి దించుకోండి.

చేరడం, ఖర్చు, తిండి

ముందు జాగ్రత్త మాట. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు రొస్తోవ్ విమానాశ్రయాన్ని పౌర విమానాలకు మూసేశారు. ఈ ప్రాంతం మీద డ్రోన్ దాడులు జరుగుతున్నాయి. సరదా ప్రయాణంగా ఇప్పుడు వెళ్లమని మేము చెప్పం. రొస్తోవ్ వైద్య విశ్వవిద్యాలయంలో చదువుతున్న భారతీయ విద్యార్థుల్లాగా ఇప్పటికే అక్కడున్నవాళ్లకు ఇది ఒక పగటి ప్రయాణం. మాస్కో నుంచి వచ్చేవాళ్లకు రైలే దారి, ఒక రాత్రి పడుతుంది. భారతీయులకు 2023 ఆగస్టు నుంచి రష్యా ఇ-వీసా ఉంది. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పనిచేయవు. నగదు రూబుళ్లు మార్చుకునే వెళ్లాలి, పల్లెలో మార్చే చోటు కోసం వెతుక్కోవద్దు.

రొస్తోవ్ నుంచి బస్సులో, ట్యాక్సీలో అక్సాయ్ వైపుగా గంటలోపు చేరొచ్చు. వేసవిలో నది మీద పర్యాటక పడవలు నడుస్తాయి. వెళ్లేటప్పుడు ఏటికి ఎదురు కాబట్టి పడవ నెమ్మది, మ్యూజియానికి మిగిలే సమయం తక్కువ. పైగా పడవ టికెట్‌లో ఊళ్లో ఆగే వేళ ముందే బిగించి ఉంటుంది, బులావిన్ ఇల్లు వదిలేసేది ఈ తొందరలోనే. రోడ్డు మీద వెళ్లి, వీలైతే పడవలో తిరిగి రావడం మంచిది. మొత్తం ఊరికి నాలుగైదు గంటలు పెట్టుకోండి. టికెట్లు ఒక్కో ప్రదర్శనకు విడివిడిగా ఉంటాయి. డబ్బు చూసుకునేవాళ్లు అతమాన్ల భవనం ఒక్కదానికి కొనుక్కుంటే చాలు, మైదానం, వీధులు ఉచితమే.

మామూలు ఏళ్లలో మే నుంచి సెప్టెంబరు దాకా నెలలో చివరి ఆదివారం కొసాక్కు పాటల జాతర ఉంటుంది. గుర్రపు విన్యాసాలు, కత్తి తిప్పడం, బృందగానం. పాటలు వినాలంటే ఆ రోజే వెళ్లాలి, రాజిన్ నిజంగా బతికున్నది జనం పాటల్లోనే. గొలుసు, చర్చి తీరిగ్గా చూడాలంటే ఆ రోజు మానుకుని వారం మధ్యలో వెళ్లండి. జులై, ఆగస్టు ఎండ మన కోస్తా ఎండకు పెద్దగా తీసిపోదు, వీధుల్లో నీడ తక్కువ. మే చివర, సెప్టెంబరు మొదట్లో హాయి.

తిండికి దోన్ చేపల పులుసు ఉఖా ఇక్కడి ప్రత్యేకం. దోన్ వాళ్లు ఇందులో టమాటా వేస్తారు, ఉత్తరాది రష్యన్లు దీన్ని తప్పంటారు. మాకు మాత్రం పులుపు తగిలిన ఇదే నచ్చుతుంది. ఉడికించిన రొయ్యజాతి రాకి, ఎండుచేపలు గట్టు మీద అమ్ముతారు. రాకి తూకానికి అమ్మేటప్పుడు సైజుల వారీగా ధర మారుతుంది, పెద్దవి చూపించి చిన్నవి కలిపేస్తారు, విడిగా ఏరించి తూకం వేయించుకోండి. శాకాహారులకు చెర్రీ వరేనికి, అంటే తీపి కజ్జికాయల్లా చేసి నీళ్లలో ఉడికించినవి, ఉంటాయి. బంగాళాదుంప వరేనికి మీద పందికొవ్వు వేయించిన ముక్కలు చల్లడం మామూలు, ఆర్డరు ఇచ్చేటప్పుడే 'బెజ్ సాలా' అని చెప్పాలి.

కొనడానికి దుకాణాల్లో నగాయ్‌కా కొరడాలు, ఉత్తుత్తి కొసాక్కు కత్తులు ఉంటాయి. కత్తిని రైలు సంచిలో పెడితే స్టేషన్ తనిఖీలో గొడవ, వదిలేయండి. సెమికరకోర్స్క్ పింగాణీ దోన్ ప్రాంతపు అసలు పనితనం, చేత్తో వేసిన పూల గీతలు గుర్తు. అడుగున తయారీ ముద్ర చూసి కొనండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే నొవొచెర్కాస్క్‌లోని దోన్ కొసాక్కుల చరిత్ర మ్యూజియానికి వెళ్లొచ్చు. ఆ ఊరి కూడళ్లలో ప్లాతొవ్, యెర్మాక్ విగ్రహాలున్నాయి, ఇద్దరూ సామ్రాజ్యానికి పనికొచ్చిన అతమాన్లు. స్తారొచెర్కాస్క్ చూశాకే అక్కడికి వెళ్లండి, ముందు వెళ్తే గొలుసు కథ వాళ్ల చూపుతోనే వినాల్సి వస్తుంది.